గోడ ఆపిన ఒక్క బంతి

"బంతీ బంతీ ఎక్కడికే?
గోడ అవతల పెరటికే.
గోడ దాటితే తెచ్చేదెవరే?..."

అక్కడిదాకా వచ్చి పాట ఆగిపోయేది. నాలుగో ముక్క ఎంత గింజుకున్నా ఇస్త్రీ పెద్దమ్మకి గుర్తొచ్చేది కాదు. చిన్నప్పుడు ఆడపిల్లలందరూ గుండ్రంగా నిలబడి గుడ్డబంతి విసురుకుంటూ పాడిన పాట అది. ఆ బంతి గుర్తుంది, ఎరుపూ నీలం పేలికలు చుట్టి పైన తాడు బిగించింది. ఎవరి పక్కన ఎవరు నిలబడేవారో కూడా గుర్తుంది. ఆ ఒక్క ముక్క మాత్రం, వాకిట్లో నిలబడి లోపలికి రానని మొరాయించే చుట్టంలా, నోటి చివరే ఆగిపోయేది.

శనివారం సాయంత్రం జెర్సీలు ఇస్త్రీ చేసేటప్పుడు ఆ పాట దానంతటదే వచ్చేది. ఇస్త్రీ బల్ల వెనకే ఆటస్థలం గోడ. అవతల కుర్రాళ్లు బంతి తంతుంటే ఆ చప్పుడు ఆమె వీపుకి తగులుతూ ఉండేది.

ఆ రేకుల పంచలో రెండు బతుకుతెరువులు. కుడివైపు ఆమె బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఎడమవైపు ఆమె మరిది కుట్టుమిషను. మరిది దర్జీ, ఒకప్పుడు వీధి ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్‌కీపరు. అందరూ అతన్ని 'గోడ' అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారయ్యా అంటే జనం పెట్టారంటాడు. పెట్టుకున్నది తనే. వీధికి ఎదురుగా టీకొట్టు. టీకొట్టు అతను తన బల్లలు మాత్రం వీధి ఇవతలకి తెచ్చి ఈ పంచలోనే వేస్తాడు. గోడ కోతలు వినేవాడు రెండో టీ తాగకుండా లేవడని అతనికి అనుభవం.

ఆ శనివారం పెద్దమ్మ పది జెర్సీలు మడతపెట్టి, పదకొండోది పరిచింది. రెండు వారాలుగా దాన్ని ఎవరూ తొడుక్కోలేదు. ఇస్త్రీ చేసి పంపిన మడత మడతలాగే తిరిగొస్తోంది. అయినా విప్పి చూస్తే ముడతలు. "వాడని బట్ట కూడా ఎందుకు నలుగుతుందో, అదేం చిత్రమో" అనుకుంటూ నీళ్లు చిలకరించింది.

క్లబ్బు పెట్టింది ఆమె భర్త. ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కెప్టెన్ వాళ్లబ్బాయే, బస్సు కండక్టరు. జట్టులో ఒకడికి వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయాడు. రెండు ఆటలు పదిమందితోనే ఆడారు. మూడోసారి కూడా మనిషి తక్కువైతే క్లబ్బు పేరు పోటీల్లోంచి తీసేస్తామని పైవాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. ఆ మూడోసారి రేపే. కండక్టరు పొద్దున్నించీ తన బస్సెక్కిన ప్రతి మగాడి కాళ్లకేసీ చూశాడు. ఒకడు కొట్టబోయాడు కూడా. చివరికి వచ్చి పంచలో టీ గ్లాసు ముందు పెట్టుకుని, అందులో ఈగ పడినా తెలియకుండా కూర్చున్నాడు.

అప్పుడు ఆటస్థలం గోడ మీంచి బంతి వచ్చింది.

వీధిలో పడి ఎగిరి, కడిగి బోర్లించిన టీగ్లాసుల మీదికి పోతోంది. అదే వేళకి టీకొట్టు కొళాయి బాగుచేసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయటికొస్తున్నాడు కొళాయి మేస్త్రీ. ఆ వీధికి కొత్త. భారీ మనిషి, పొట్ట ముందు నడిస్తే వెనక తను నడిచే రకం. సంచీ దించలేదు, బంతికేసి సరిగా చూడనైనా లేదు. గాలికి కొట్టుకునే తలుపుని కాలితో ఆపినట్టు బంతిని ఆపి, అదే కాలితో ఎత్తి గోడ అవతలికి పంపాడు. అవతల చప్పుడు లేదు. ఒక్క క్షణం తర్వాత, "ఓయ్! ఎవరయ్యా అది? సరిగ్గా నా చేతుల్లోకొచ్చింది!" అని కేక వినపడింది.

కండక్టరు లేచాడు. ఒలికిన టీ అతని బూట్ల మీద పడింది.

"అన్నా, రేపు పొద్దున..." అనబోయాడు.

గోడ అతని చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. "ఉండరా తొందరపాటు వెధవా. అడుక్కుంటున్నట్టు అడిగితే ఎవడొస్తాడు? ముందు మన క్లబ్బేమిటో మనిషికి తెలియాలి. తెలిస్తే వాడే అడుగుతాడు." అని చెవిలో చెప్పి, పైకి మాత్రం నోరారా నవ్వుతూ, "రావయ్యా మేస్త్రీ, కూర్చో. టీ తాగు. నేనిప్పిస్తా" అన్నాడు.

టీకొట్టు అతను చేతిలో గరిటె వదిలేశాడు. గోడ ఇంకొకళ్లకి టీ ఇప్పించడం ఆ వీధి చరిత్రలో లేదు.

మేస్త్రీ మొహమాటంగా బల్ల చివర కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు. కింద సోడా మూత ఒకటి పడుంటే, తనకి తెలియకుండానే పాదంతో అటూ ఇటూ దొర్లించసాగాడు. ఆ పాదం ఇస్త్రీ బల్ల మీంచి పెద్దమ్మకి బాగా కనిపిస్తోంది. ఎంత లావు మనిషో, అంత సుతారం ఆ పాదం.

"బంతి బాగా తన్నావయ్యా. ఆడతావా?"

"అబ్బే, ఎప్పుడో చిన్నప్పుడు. ఇప్పుడు ఈ ఒళ్లేసుకుని ఏం ఆడతాను మాస్టారూ? మీరు ఆడేవారా?"

"నేనా?" గోడ మెడలో టేపు సర్దుకున్నాడు. "పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. ఒకసారి మిల్లు జట్టు మీద ఒక పెనాల్టీ ఆపాను. అంతే."

"అంతేనా?" అన్నాడు మేస్త్రీ, మర్యాదకి.

అలా అడక్కుండా ఉండాల్సింది.

"అంతే అని నేననుకుంటాను గానీ, చూసినవాళ్లు అలా అనుకోరు కదయ్యా! అవతల ఎవడనుకున్నావ్? వాణ్ణి దున్న అనేవాళ్లం. వాడు తంతే బంతి లోపలున్న గాలికి ఊపిరాడేది కాదు. వాడి ఆట ఉందంటే ముందురోజే మనిషొచ్చి ఇంటింటికీ కిటికీలు మూసుకోమని చెప్పిపోయేవాడు. గోల్ వెనక నిలబడదలుచుకున్నవాళ్లు ఇళ్లల్లో చెప్పాల్సినవన్నీ చెప్పి వచ్చేవాళ్లు. సరే, పెనాల్టీ అన్నారు. వాడు పరుగు కోసం వెనక్కి నడిచాడు. నడిచాడు, నడిచాడు, గేటు దాటాడు, సందు దాటాడు, బస్టాండు కూడా దాటిపోయాడు. చూసి చూసి రెఫరీయే విసుగెత్తి, సైకిలిచ్చి ఒకణ్ణి పంపాడు, ఉన్నాడో వెళ్లిపోయాడో కనుక్కురమ్మని. ఉన్నాడు. అక్కణ్ణించి పరిగెత్తుకొచ్చాడు చూడూ, నేల అదిరింది. తన్నాడు. ఇప్పుడు చెప్పు, ఏమై ఉంటుంది?"

"గోలా?"

"బంతి నా చేతుల్లో! పట్టేశాను. బంతి ఆగింది. నేనాగలేదు."

"అదేంటి?"

"ఆ ఊపు ఎక్కడికి పోతుందయ్యా మరి? వెనక్కి పోయాను. వల చింపుకుని పోయాను. ఈ గోడ, ఇదిగో ఈ గోడే, ఇక్కడ సిమెంటు అతుకు కనిపిస్తోందా? అది నేనే."

"అది నీళ్ల లారీ గుద్దిన చోటు కదా!" అన్నాడు టీకొట్టు అతను.

"లారీ తర్వాతొచ్చింది. నేను వేసిన కన్నం చూసి దారేమో అనుకుని వచ్చింది. నువ్వు మధ్యలో మాట్లాడకు, పాలు పొంగుతున్నాయి చూసుకో. ఆ, గోడలోంచి వచ్చి, వదిన ఇస్త్రీ బల్ల కిందనించి జారి, వీధి దాటి, ఎదురుగా టీకొట్టు బల్ల తగిలితే అప్పుడాగాను. ఎలాగూ వచ్చాను కదా అని ఒక టీ చెప్పాను."

మేస్త్రీ కాస్త ఆలోచించాడు. "మరి మీరు గీత దాటినట్టే కదా మాస్టారూ? బంతి మీ చేతుల్లోనే ఉందిగా. గోల్ కిందే లెక్క కదా?"

"అద్గదీ! ఆట తెలిసినవాడు అడిగే ప్రశ్న!" గోడ తొడ చరిచాడు. "ఒళ్లు వచ్చింది గానీ, చేతులు గీత అవతల గోల్ ముందే ఉంచి వచ్చాను. సాగాయి. దర్జీ చేతులయ్యా, రోజంతా టేపు పట్టుకునే చేతులు, ఆ మాత్రం సాగవా? రెఫరీ నా చేతుల వెంబడే నడుచుకుంటూ, కన్నంలోంచి వంగి ఇవతలికొచ్చి, టీకొట్లో నన్ను కలిసి 'గోల్ కాదు' అని చెప్పి, తనూ ఒక టీ తాగి వెళ్లాడు."

కండక్టరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మేస్త్రీ నవ్వలేదు. కొత్త చోటు, పెద్దాయన చెబుతున్నాడు, ఎక్కడ నవ్వాలో తెలియక తల మాత్రం ఊపాడు. కింద సోడా మూత దొర్లడం ఆగిపోయింది. పెద్దమ్మ అది చూసింది.

"నాదేముందిలే" అన్నాడు గోడ. "మా అన్నయ్య ముందు నేనెంత! క్లబ్బు పెట్టింది ఆయనే. ఆయన కాలు మామూలు కాలు కాదు."

ఇస్త్రీపెట్టె కాస్త నెమ్మదించింది. ఈ మాట వచ్చినప్పుడల్లా అది నెమ్మదిస్తుంది.

"ఒకసారి ఆయన బంతి తన్నితే పైకి పోయింది. పోయింది, పోయింది, చుక్కంతైంది, అదీ కనపడలేదు. అందరం తలెత్తి చూస్తున్నాం, మెడలు పట్టేశాయి. రెఫరీయేమో, 'బంతి పోయినంత మాత్రాన ఆట ఆగదు, ఆడండి' అన్నాడు. ఏం చేస్తాం? బంతి లేకుండానే ఆడాం. అలాంటి ఇలాంటి ఆటా! ఒళ్లు దాచుకోకుండా ఆడాం. ఇద్దరికి మోకాళ్లు చీరుకుపోయాయి. ఒకణ్ణి చేత్తో ముట్టుకున్నాడని బయటికి పంపేశారు కూడా."

"దేన్ని ముట్టుకున్నాడు? బంతి లేదుగా?" అన్నాడు టీకొట్టు అతను.

"రెఫరీ చూపు అంత చురుకు. ఆ రోజుల్లో అలాంటివాళ్లుండేవాళ్లు."

"మరి బంతి ఏమైంది?" మేస్త్రీ గొంతు చిన్నదైంది.

"ఏమైందో చెప్తే నమ్మవు. తర్వాతి ఆదివారం పడింది. ఆ రోజు మాకు ఆటే లేదు. పోస్టాఫీసు వాళ్లకీ ఆసుపత్రి వాళ్లకీ ఆట జరుగుతోంది. పైనించి వచ్చి సూటిగా గోల్లో పడింది. ఎవరిదీ గోల్? మా అన్నయ్యదే! కాదనడానికి లేదు, బంతి మీద మేం కుట్టిన కుట్లున్నాయి. పోస్టాఫీసుకి రెండు, ఆసుపత్రికి ఒకటి, మాకు ఒకటి. మేం ఇళ్లల్లో పడుకుని నిద్రపోతూ రెండో స్థానం తెచ్చుకున్న జట్టయ్యా మాది!"

మేస్త్రీ పాదం బల్ల కిందికి, వెనక్కి జరిగింది. రెండో పాదం దాని పక్కకి చేరింది. బడికి కొత్తగా వచ్చిన పిల్లాడి పాదాల్లా రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి.

'అయ్యో, ఈయన వీణ్ణి పిలుస్తున్నాననుకుంటూ తరిమేస్తున్నాడే' అనిపించింది పెద్దమ్మకి. మరిదికేసి కళ్లతో సైగ చేసింది. ఊపులో ఉన్నవాడికి సైగలు కనపడవు. సూదిలో దారం ఎక్కడమే ఆలస్యం, ఆ మిషను ఇక ఆగేది కాదు.

"వాన సంగతి చెప్పలేదు కదూ? ఫైనల్ రోజు వాన. వాన అంటే మీరనుకునే వాన కాదు. ఆటస్థలం చెరువైపోయింది. అయినా ఆపలేదు. ఈదుతూ ఆడాం. అంతలో నా గోల్ స్తంభాలు ఊడి తేలి కొట్టుకుపోతున్నాయి. నేనేం చేశాను? వాటిని వదల్లేదు. గోల్ ఎటు పోతే గోల్‌కీపరూ అటు పోవాలి, అది ధర్మం. మిల్లువాళ్లు బంతి పట్టుకుని గోల్ కోసం వెతుకుతున్నారు, దారినపోయేవాళ్లని అడుగుతున్నారు, ఇటు ఏమన్నా గోల్ వెళ్లిందా అని. నేను మార్కెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి ఆట టైమైపోయింది. వల ఎత్తి చూస్తే బంతి లేదు గానీ నిండా చేపలు. రెండు జట్లూ పంచుకుని తిన్నాం."

"బాబాయ్, ఇక చాలు" అన్నాడు కండక్టరు.

"చాలేంట్రా! దేశంకాని దేశం నించి నన్ను తీసుకెళ్లడానికి మనుషులొచ్చిన సంగతి చెప్పొద్దూ? కోట్లేసుకుని వచ్చారు మేస్త్రీ, ఇదిగో నువ్వు కూర్చున్న బల్ల మీదే కూర్చున్నారు. 'మా జట్టుకి నువ్వే కావాలి, మాకూ ఒక గోడ కావాలి, విమానం బయట ఆపి వచ్చాం' అన్నారు. ఎందుకు వెళ్లలేదంటావ్?"

"ఎందుకు?"

"ఒకాయన ప్యాంటు సగం కుట్టి ఉంది. మాటిచ్చాను. మాట ముఖ్యమా, విమానం ముఖ్యమా? 'ఈ ప్యాంటు ఇచ్చేసి వస్తాను, ఉండండి' అన్నాను."

"ఆ ప్యాంటు నాదే" అన్నాడు టీకొట్టు అతను, ఎవరికేసీ చూడకుండా. "ఇంకా ఇవ్వలేదు."

"అందుకే ఇంకా వెళ్లలేదు!"

మేస్త్రీ టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, కాళ్లతో తడుముకుని చెప్పులు వేసుకున్నాడు. సంచీ భుజాన ఎత్తుకున్నాడు. "చాలా గొప్ప క్లబ్బు మాస్టారూ. ఇలాంటి వీధిలో పని దొరకడమే నా అదృష్టం. వస్తాను."

"అదేంటి? కూర్చో. రేపు మన ఆటుంది. మాతో దిగుతావేమోనని..." గోడ తడబడ్డాడు.

"నేనా!" మేస్త్రీ నిజంగానే భయపడ్డాడు. "మీలాంటి వాళ్ల మధ్య నేనెక్కడ మాస్టారూ? అంత పెద్ద పేరున్న జట్టులోకి నన్ను దింపితే మీ పరువే పోతుంది. కొళాయిలు, పైపులు, ఏదో నా బతుకు నాది. నలుగురిలో నవ్వులపాలు కాలేను." అని నమస్కారం పెట్టి కదిలాడు.

గోడ అతని వెనకే రెండడుగులు వేశాడు. అక్కడితో ఆపినా బాగుండేది. ఆపలేదు. "అలా అనకయ్యా! మా జట్టులోకి వచ్చిన కుంటివాడు కూడా..."

"ఊరుకో" అంది పెద్దమ్మ.

ఇన్నేళ్లలో ఎప్పుడూ నలుగురి ముందు మరిది మాటకి అడ్డుపడలేదు. కోతలని తెలియక కాదు. ఆ కోతల్లో ఆమె మొగుడి కాలు ఆకాశాన్ని అంటేది. శనివారం శనివారం ఆ బంతి పైకి పోతుంటే, ఇస్త్రీ చేసుకుంటూ ఆమె కూడా తలెత్తి చూసినట్టే ఉండేది. పోయినవాళ్ల గురించి అంత ఎత్తున ఎవరు మాట్లాడతారు? ఇప్పుడు నోరు విప్పితే ఆ బంతి కింద పడుతుంది. విప్పకపోతే రేపు క్లబ్బే పోతుంది.

ఇస్త్రీపెట్టెని రాయి మీద పెట్టింది.

"ఇలా రా నాయనా, కొళాయి మేస్త్రీ. ఒక్క నిమిషం. మిల్లు జట్టుతో ఆట చూసిన మనిషిని నేను. మొదటి ఆట అది. ఎలా జరిగిందో విని వెళ్లు."

మేస్త్రీ ఆగాడు. "వదినా..." అన్నాడు గోడ, సన్నగా.

"ఆటకి ముందురోజు దాకా వీళ్లకి నిక్కర్లే లేవు. ఈయన దర్జీ కదా, రాత్రికి కుట్టేస్తానన్నాడు. కుట్టాలంటే కొలతలు కావాలి. పదకొండు మందిని ఎక్కడని పట్టుకుంటాడు? మా ఆయన కొలత ఈయనకి నోటికొచ్చు. చిన్నప్పట్నించీ అన్నగారి బట్టలు కుట్టిన చెయ్యి. మా ఆయన నడుమేమో ఇదిగో, అచ్చం నీ అంత. ఆ కొలతకే పదకొండూ కుట్టి పారేశాడు."

టీకొట్టు అతను స్టవ్వు తగ్గించాడు.

"మిగతావాళ్లంతా పుల్లల్లాంటి మనుషులు నాయనా. వేసుకుంటే ఒక్కో నిక్కర్లో ఇంకొకడికి చోటుంది. పోనీ బొందు లాగి కట్టుకుందామా అంటే, తొందరలో బొందులు ఎక్కించడమే మర్చిపోయాడు. ఆట మొదలైంది. పదిమంది ఒక చేత్తో నిక్కరు పట్టుకుని పరుగులు. మా ఆయనొక్కడే రెండు చేతులూ ఊపుకుంటూ దర్జాగా పరిగెత్తాడు. ఈయనేమో గోల్‌కీపరు. రెండు చేతులూ కావాలి. ఉన్నది ఒకటే."

కండక్టరు మొహం మీంచి చేతులు తీశాడు. అతనికీ ఈ సంగతి కొత్తే.

"పెనాల్టీ ఆపడం అబద్ధం కాదు. ఆ దున్నలాంటివాడు పరిగెత్తుకొస్తున్నాడు, అప్పుడే ఈయన నిక్కరు పూర్తిగా జారింది. మర్యాదస్థుడు కదా, గోల్ వెనక ఆడవాళ్లం నిలబడ్డాం కదా, మాకు వెనక వైపు కనపడకూడదని ఇటు తిరిగి గబుక్కున కిందికి వంగాడు. బంతి వచ్చింది. వంగినవాడికి వెనకనించి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆగింది. ఈయన గోడ దాకా పోలేదు గానీ, నెట్లో బోర్లా పడి, నిక్కరు మాత్రం వదల్లేదు. మూడు రోజులు నిలబడి మిషను తొక్కాడు."

"వదినా, అన్యాయం" అన్నాడు గోడ.

"ఆట మధ్యలో విరామం ఇస్తే నేను ఇంటికి పరిగెత్తి, తడిబట్టలు నేలన పడేసి, దండెం తాడు ఊడదీసుకొచ్చి, ముక్కలు కోసి తలా ఒకటి కట్టాను. అప్పుడు కాస్త ఆట ఆడినట్టు ఆడారు. అయినా మొత్తం తొమ్మిది గోల్స్ పడ్డాయి. మనకి ఒక్కటీ లేదు." తొమ్మిది అని ఆగింది. ఆమె నోటికి అంతకంటే ఎక్కువ రాలేదు. "మా ఆయన బంతి తన్నితే ఆకాశానికి పోలేదు నాయనా. మా ఇంటి పెరట్లో పడింది. నేనే తెచ్చిచ్చాను."

అని, మడతపెట్టిన జెర్సీల దొంతర మళ్లీ ఒకసారి సర్దుకుంది.

"అదీ నాయనా ఈ గొప్ప క్లబ్బు. ఇప్పటిదాకా గెలిచినవి నా వేళ్ల మీద చెప్పేస్తాను, ఇంకా వేళ్లు మిగులుతాయి. కానీ ఒకటి విను. ఆ తర్వాతి ఆదివారం, వస్తారా రారా అని నేను దండెం తాడు ముక్కలు పట్టుకుని ఈ గోడ పక్కనే నిలబడ్డాను. వీధి వీధంతా నవ్వుతోంది వాళ్లని చూసి. పదకొండు మందీ వచ్చారు. ఒక్కడూ మానలేదు. ఎన్ని గోల్స్ తిన్నా పదకొండు మంది రాకపోవడమన్నది ఈమధ్యే, ఈ రెండు వారాల్లోనే చూశాను. రేపు కూడా రాకపోతే ఇక చూడ్డానికేమీ ఉండదు."

మేస్త్రీ భుజాలు కదిలాయి. ఏమిటా అని చూస్తే, నవ్వు. ముందు పొట్ట ఊగింది, తర్వాత సంచీలో పనిముట్లు గలగలమన్నాయి, తర్వాత మనిషి ఆ బల్ల మీదే కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఒక చేత్తో... పదిమంది..." అని ఇక చెప్పలేకపోయాడు. కండక్టరు నవ్వాడు. టీకొట్టు అతను వీధి దాటి వచ్చి మరీ నవ్వాడు.

ఆ నవ్వు మధ్యలో, పిలవకుండానే, పాట నాలుగో ముక్క లోపలికొచ్చేసింది.

'నవ్వినవాళ్లే తేవాలే.'

అంతే కదూ! బంతి గోడ దాటినప్పుడు మొదట నవ్విన పిల్లే వెళ్లి తేవాలి. అందుకే అందరూ పెదాలు బిగపట్టి నిలబడేవారు. ఇంత చిన్న ముక్క ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో అనుకుని పెద్దమ్మ తనలో తను ఆశ్చర్యపోయింది.

"పెద్దమ్మా" అన్నాడు మేస్త్రీ, కళ్లు తుడుచుకుంటూ, "నేను ఆఖరిసారి ఆడినప్పుడు బంతి మా గోల్లోనే వేశాను. మా అన్న నన్ను ఇంటిదాకా తరిమాడు. ఆ తర్వాత ఆడలేదు."

"మా గోల్లో ఎన్నయినా వేసుకో అన్నా" అన్నాడు కండక్టరు. "వెయ్యడానికి పదకొండో మనిషంటూ ఉంటే చాలు."

మేస్త్రీ చెప్పులు విడిచేశాడు. పాదం బల్ల కిందినించి బయటికొచ్చి సోడా మూతని వెతుక్కుంది.

గోడ మాత్రం మిషను ముందు కూర్చుని, గుడ్డేమీ లేకుండానే చక్రం తిప్పుతున్నాడు. పెద్దమ్మకి మనసు పీకింది. పేరు పెట్టుకుని ఇన్నాళ్లూ దాని వెనక నిలబడ్డ మనిషి. నలుగురి ముందు దాన్ని ఒక్క తోపుకి పడగొట్టింది. ఏమంటాడో, రేపట్నించి ఈ పంచలో మాటే ఉండదేమో.

చక్రం ఆగింది. గోడ లేచాడు. మెడలోంచి టేపు తీశాడు.

"లే" అన్నాడు మేస్త్రీతో. "చేతులెత్తు."

"ఎందుకు మాస్టారూ?"

"కొలత. ఈసారి కొలత తీసుకునే కుడతాను. బొందుతో సహా."

నడుము చుట్టూ టేపు తిప్పి, రెండు కొసలూ కలిపి, కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. వేలు అలాగే టేపు మీద ఉండిపోయింది. మళ్లీ ఒకసారి బిగించి చూశాడు. వెనక్కి తిరగకుండానే, "వదినా, అన్నయ్యదే" అన్నాడు నెమ్మదిగా. దారం పోగంతైనా తేడా లేదన్నాడు.

పెద్దమ్మ పదకొండో జెర్సీ మడతపెట్టింది.

అప్పుడే అవతల ఎవరో గట్టిగా తన్నినట్టున్నారు, బంతి మళ్లీ గోడ దాటి వచ్చి ఇస్త్రీ బల్ల కాలికి తగిలి వీధిలోకి పరిగెత్తింది. "నవ్వింది నువ్వే కదా, నువ్వే తేవాలి" అంది ఆమె. ఎందుకలా అందో మేస్త్రీకి తెలియదు. అయినా నడుము చుట్టూ టేపు వేలాడుతుండగానే బంతి వెనక పరిగెత్తాడు.

టీకొట్టు అతను తన ప్యాంటు సంగతి మళ్లీ ఎత్తబోయాడు గానీ, ఆ పూట మిషను మీద నిక్కరు గుడ్డ తప్ప ఇంకేదీ ఎక్కదని చూసి ఊరుకున్నాడు. చీకటి పడకముందే నిక్కరు తయారైంది. బొందు రెండుసార్లు లాగి చూశాడు గోడ. మిషనుకి ముసుగు వేశాడు. పెద్దమ్మ బొగ్గులు ఆర్పుతుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహం సీరియస్‌గా ఉంది. ఇప్పుడంటాడు, అననీ, అనాల్సిన మాటే అనుకుని ఆమె తల వంచుకుంది.

"వదినా, తొమ్మిది కాదు, పద్నాలుగు" అన్నాడు. "పద్నాలుగు గోల్స్, అదీ ఒంటి చేత్తో తిన్నాను, ఈ చుట్టుపక్కల ఏ గోల్‌కీపరైనా తిన్నాడేమో అడుగు. క్లబ్బు చరిత్ర చెప్పేటప్పుడు అబద్ధాలాడకూడదు వదినా!"